అరకు లోయ: సరిహద్దు కొండలు నేర్పే పాఠాలు

భూమిపై సంచరించి, సృష్టి ఎలా ఆరంభమైందో పరికించమని దివ్య ఖుర్ఆన్ 29వ అధ్యాయం మానవులకు పిలుపునిస్తోంది. విశ్వాసికి ప్రయాణం కేవలం కాలక్షేపం కాదు. చూసిన కొండ, దాటిన నది, కలిసిన మనిషి ఏదో ఒక సత్యాన్ని గుర్తుచేయాలి. ఈ సంకల్పంతోనే గడచిన శీతకాలంలో మేము కుటుంబ సమేతంగా అరకు లోయకు బయలుదేరాము. అందాల లోయగా అరకు పేరు ఎరుగని తెలుగువారు లేరు. అయితే అది ఒక సరిహద్దు పట్టణమని, దాని గుమ్మంలోనే మరో రాష్ట్రం మొదలవుతుందని గుర్తించేవారు తక్కువ. ఆ హద్దు ఎలా ఏర్పడింది? హద్దుకు అటూ ఇటూ ఉన్న మనుషులు ఎవరు? వారి నేలపై మనం అతిథులమా, లేక ఆక్రమణదారులమా? ఈ ప్రశ్నలే మా ప్రయాణానికి అసలు ఫలితాలయ్యాయి.

కొండలను తొలుచుకుని వెళ్లే దారి

విశాఖపట్నం నుంచి అరకుకు దాదాపు 115 కిలోమీటర్లు. శృంగవరపుకోట దాటాక ఘాట్ రోడ్డు మొదలవుతుంది. పిల్లలు వెంట ఉన్నందున మేము రైలు మార్గాన్నే ఎంచుకున్నాము. కొత్తవలస నుంచి కిరండూల్ వరకు సుమారు 445 కిలోమీటర్ల పొడవున సాగే ఈ మార్గం ప్రయాణికుల కోసం పుట్టినది కాదు. నేటి ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా కొండల ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చి, అక్కడి నుంచి జపాన్‌కు ఎగుమతి చేయాలన్న లక్ష్యంతో 1960 దశకంలో దీనిని నిర్మించారు. విశాఖపట్నం నుంచి అరకు చేరేలోగా 58 సొరంగాలు, 84 వంతెనలు వస్తాయి. అరకుకు ముందు వచ్చే శిమిలిగూడ స్టేషన్ సముద్రమట్టానికి సుమారు 996 మీటర్ల ఎత్తున ఉంది. బ్రాడ్‌గేజ్ మార్గాల్లో దేశంలోకెల్లా ఎత్తైన స్టేషన్‌గా దానికి చాలాకాలం పేరుండేది. 2017 ఏప్రిల్‌లో ఈ రైలుకు అద్దాల పైకప్పు గల విస్టాడోమ్ పెట్టెను చేర్చారు.

పిల్లలు సొరంగాలను లెక్కపెట్టడం మొదలుపెట్టారు. ఇరవై దాటేసరికి లెక్క తప్పింది. చీకటిలోకి వెళ్లినప్పుడల్లా పెట్టె అంతా కేకలతో మారుమోగేది. వెలుగులోకి రాగానే కిటికీకి ఒకవైపు నిట్టనిలువు బండ, మరోవైపు లోతైన లోయ. ఒక చిన్న స్టేషనులో మా బండిని ఆపి, ఎదురుగా వస్తున్న ఖనిజపు గూడ్సుకు దారి ఇచ్చారు. ఎర్రని ధూళి కప్పుకున్న పెట్టెలు ఒకదాని వెనుక ఒకటి సాగిపోతూనే ఉన్నాయి. పర్వతాలను భూమికి మేకులుగా నాటినట్లు ఖుర్ఆన్ 78వ అధ్యాయం తెలుపుతోంది. ఆ మేకుల మధ్య నుంచి మనిషి తీసుకుపోతున్న సంపద ఎంత, ఆ కొండల నీడలో బతికేవారికి మిగులుతున్నది ఎంత అన్న ఆలోచన ఆ క్షణంలోనే మాలో మొదలైంది.

బొర్రా గుహలు: బొట్టు బొట్టుగా కట్టిన కట్టడం

దారిలో బొర్రా గుహలు స్టేషనులో దిగాము. అనంతగిరి కొండల్లో, సముద్రమట్టానికి సుమారు 700 మీటర్ల ఎత్తున ఉన్న ఈ సున్నపురాతి గుహలు దేశంలోని పెద్ద గుహలలో లెక్కకు వస్తాయి. వాన నీరు గాలిలోను, మట్టిలోను ఉన్న కార్బన్ డయాక్సైడును కలుపుకుని స్వల్పంగా ఆమ్లగుణం పొందుతుంది. ఆ నీరు సున్నపురాతిలోకి ఇంకి, రాతిని కొద్దికొద్దిగా కరిగిస్తుంది. గుహ కప్పు నుంచి బొట్టుగా జారేటప్పుడు ఆ సున్నం మళ్లీ పేరుకుంటుంది. అలా పైనుంచి వేలాడుతూ కొన్ని, నేల నుంచి పైకి లేస్తూ మరికొన్ని రాతి స్తంభాలు ఏర్పడతాయి. ఇవి సాధారణంగా ఏడాదికి మిల్లీమీటరులో పదో వంతు మాత్రమే పెరుగుతాయి. మనిషి ఎత్తు స్తంభం నిలవడానికి వేల సంవత్సరాలు పడుతుందన్నమాట.

ఒక యువకుడు సరదాకు ఒక కొనను చేతితో విరవబోతే అక్కడి సిబ్బంది వారించారు. వేల ఏళ్ల నిర్మాణాన్ని ఒక్క క్షణంలో పాడుచేసే శక్తి మనిషికి ఉంది. దానిని తిరిగి కట్టే శక్తి మాత్రం అతనికి లేదు. గుహలోని చల్లని చీకటిలో నిలబడినప్పుడు, విశ్వాసాన్ని కాపాడుకునేందుకు గుహలో తలదాచుకున్న యువకుల వృత్తాంతం సహజంగానే గుర్తుకు వచ్చింది. పిల్లలకు అక్కడే అస్‌హాబె కహఫ్ గాథను వినిపించాము. పుస్తకంలో చదివిన దానికన్నా అది వారి మనసుకు ఎక్కువగా హత్తుకుంది.

ఈ గుహల వద్దనే గోస్తని నది పారుతోంది. కొండల నుంచి దిగి, తాటిపూడి జలాశయాన్ని నింపి, భీమునిపట్నం వద్ద సముద్రంలో కలుస్తుంది. మైదానంలోని పొలాలకు, పట్టణాల దాహానికి ఈ కొండల నీరే ఆధారం. కొండ బాగుంటేనే మైదానం బాగుంటుందని గోస్తని మౌనంగా చెబుతూ ఉంటుంది.

హద్దు గీత గీసిన రోజు

ఈ కొండ ప్రాంతాలలో అధిక భాగం ఒకప్పుడు నందపురం, ఆ తరువాత జయపురం రాజుల ఏలుబడిలో ఉండేది. నందపురం, జయపురం రెండూ ఇప్పుడు ఒడిశాలోని కొరాపుట్ జిల్లాలో ఉన్నాయి. 17వ శతాబ్దంలో గోల్కొండ కుతుబ్‌షాహీల అధికారం ఉత్తరాంధ్ర తీరం పొడవునా విస్తరించింది. వారి ఫౌజుదారు షేర్ ముహమ్మద్ ఖాన్ శ్రీకాకుళంలో 1641లో కట్టించిన జామియా మసీదు నేటికీ ఆ కాలానికి సాక్షిగా నిలిచి ఉంది. 1760 దశకంలో ఉత్తర సర్కారులు ఆంగ్లేయుల చేతికి వెళ్లాయి. 1839లో వారు ఈ కొండలను సాధారణ చట్టాల పరిధి నుంచి తప్పించి, కలెక్టరునే గవర్నరు ఏజెంటుగా నియమించి పాలించారు. మన్యానికి 'ఏజెన్సీ' అన్న పేరు అలా స్థిరపడింది.

1882 నాటి మద్రాసు అటవీ చట్టం పోడు వ్యవసాయంపైన, అటవీ ఫలసాయంపైన ఆంక్షలు విధించింది. తాతల నాటి అడవిలో కట్టెపుల్ల ఏరుకోవడం కూడా నేరమైంది. ఈ అన్యాయాల నుంచే 1922–24 నాటి మన్యం తిరుగుబాటు పుట్టింది. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు నాయకత్వంలో గిరిజనులు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్లపై దాడిచేసి ఆయుధాలు తీసుకువెళ్లారు. 1924 మేలో ఆయనను కాల్చిచంపారు. 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన కొత్త జిల్లాకు ఆయన పేరే పెట్టారు. అరకు ఇప్పుడు ఆ జిల్లాలోనే ఉంది. జిల్లా కేంద్రం పాడేరు.

అరకును సరిహద్దు ఊరుగా మార్చినది 1936 ఏప్రిల్ 1. ఆ రోజున ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రమైంది. అంతవరకు మద్రాసు ప్రెసిడెన్సీలోని విశాఖపట్నం జిల్లాలో భాగమైన జయపురం సంస్థానం కొరాపుట్ జిల్లాగా ఒరిస్సాలో కలిసింది. నిన్నటి వరకు ఒకే జిల్లాలో ఉన్న చుట్టాలు మరునాటికి రెండు రాష్ట్రాలవారయ్యారు. పెళ్లి సంబంధాలు, సంతలు, భాష మాత్రం గీతను పట్టించుకోలేదు.

ఆ గీత కొన్నిచోట్ల నేటికీ తేలలేదు. సాలూరుకు ఎగువన కొండలపై ఉన్న కొఠియా గ్రామాలు ఇందుకు ఉదాహరణ. ఇరవైకి పైగా ఉన్న ఈ పల్లెలు తమవంటే తమవని రెండు రాష్ట్రాలూ వాదిస్తున్నాయి. 1968లో వివాదం సుప్రీంకోర్టుకు చేరింది. అక్కడివారిలో ఎందరో రెండు రాష్ట్రాల గుర్తింపు కార్డులూ కలిగి ఉన్నారు. సరిహద్దులోనే ఉన్న మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రం మాత్రం రెండు రాష్ట్రాల ఉమ్మడి ఆస్తి. 1955లో విద్యుదుత్పత్తి ఆరంభించిన ఈ కేంద్రం సామర్థ్యం 114.75 మెగావాట్లు. దాని కోసం కట్టిన జలాపుట్ జలాశయం కింద గిరిజన గ్రామాలు మునిగిపోయాయి. వెలుగు మైదానానికి చేరింది. మునిగిన పొలాలు మాత్రం తిరిగి రాలేదు.

సంతలో నేర్చిన పాఠం

అరకు పట్టణంలో చూడదగినవి చాలా ఉన్నాయి. గిరిజన మ్యూజియంలో మట్టి ఇళ్ల నమూనాలు, వ్యవసాయ పనిముట్లు, నగలు, వేట సామగ్రి ఉంచారు. పద్మాపురం ఉద్యానవనం 1942లో, రెండో ప్రపంచ యుద్ధ కాలంలో, సైనికులకు కూరగాయలు పండించేందుకు మొదలైంది. నేడు అక్కడ గులాబీలు, చెట్లపై కట్టిన గుడిసెలు, పిల్లల రైలు ఉన్నాయి. డుంబ్రిగూడ దారిలో చాపరాయి వద్ద నీరు విశాలమైన రాతి పలకపై జారుతూ పారుతుంది. శీతకాలంలో దారి పొడవునా వలిసె చేలు పసుపు పూలతో నిండి కనిపించాయి.

వీటన్నిటికన్నా మా మనసులో నిలిచినది వారపు సంత. చుట్టుపక్కల కొండల నుంచి కొండదొర, బగత, కోదు, గదబ, పోర్జ, వాల్మీకి తెగలవారు తెల్లవారుజామునే బరువులు మోసుకుని దిగుతారు. చోళ్లు, సామలు, రాజ్మా, పిప్పళ్లు, పసుపు, చింతపండు, కొండచీపుళ్లు వరుసలుగా పేరుస్తారు. అక్కడి మాటలు వినడమే ఒక వింత. ఆదివాసీ ఒడియా ఆర్య భాషా కుటుంబానిది. కోదుల కువి తెలుగుకు తోబుట్టువైన ద్రావిడ భాష. గదబలలో కొందరి గుతోబ్ ముండా శాఖకు చెందినది. దాని దూరపు బంధువులు కంబోడియా, వియత్నాం దేశాలలో ఉన్నారు. మూడు మహా భాషా కుటుంబాలు ఒక చింతచెట్టు నీడలో కూర్చుని ఉప్పు, చేపలు బేరమాడుకుంటాయి. మానవులందరూ ఒకే స్త్రీ పురుషుల సంతానమని, జాతులుగా, తెగలుగా చేసినది పరస్పరం పరిచయం చేసుకునేందుకేనని, దైవం దృష్టిలో గౌరవానికి కొలమానం భయభక్తులేనని ఖుర్ఆన్ 49వ అధ్యాయం 13వ ఆయత్ బోధిస్తోంది. 'తెగలు' అన్న మాటకు అర్థం ఆ సంతలో మాకు కళ్లెదుట కనిపించింది.

మాలో ఒకరు రాజ్మా గింజలు కొనబోయి, అలవాటు ప్రకారం డబ్బాకు పది రూపాయలు తగ్గించమని గట్టిగా బేరమాడారు. గింజలు అమ్ముతున్న అవ్వ కొంతసేపు మౌనంగా చూసి, సరేనన్నట్లు తల ఊపింది. డబ్బా నిండా కొలిచి సంచిలో పోసింది. ఆ తరువాత మా పిల్లలవైపు చూసి, "బాబుకి" అంటూ మరో గుప్పెడు కొసరు వేసింది. మేము తల దించుకున్నాము. తూచేవాడు మొగ్గు కాస్త ఎక్కువే ఉండేలా తూచాలని దైవప్రవక్త (సఅసం) ఆదేశించిన హదీసును ఎన్నోసార్లు విన్నవాళ్లం మేము. ఆచరించినది మాత్రం ఆ హదీసు పేరైనా వినని ఆ అవ్వ. ప్రజల వస్తువులకు తక్కువ విలువ కట్టవద్దని షుఐబ్ ప్రవక్త (అలైహిస్సలాం) తన జాతిని హెచ్చరించారు. పెద్ద దుకాణంలో అచ్చు వేసిన ధరను మారుమాట లేకుండా చెల్లించే మనం, ఆరు కిలోమీటర్లు నడిచి వచ్చిన అవ్వ వద్ద మాత్రం బేరమాడతాము. తగ్గించిన సొమ్ముతో పాటు ఇంకొంత ఆమె చేతిలో పెట్టి వచ్చాము.

యెమెన్ నుంచి అరకు దాకా

అరకు పేరు నేడు ప్రపంచానికి తెలిసినది కాఫీ వల్ల. కాఫీ చరిత్రలో ముస్లింల పాత్ర మన పిల్లలకు చెప్పదగినది. 15వ శతాబ్దంలో యెమెన్‌లోని సూఫీలు రాత్రి ఆరాధనల్లో నిద్ర రాకుండా ఈ పానీయం తాగేవారు. అరబీలోని 'ఖహ్వా' అన్న మాటే అనేక భాషల్లో మారుతూ 'కాఫీ' అయింది. 17వ శతాబ్దంలో హజ్ ముగించుకుని వస్తున్న బాబా బుడన్ యెమెన్‌లోని మోఖా రేవు నుంచి ఏడు గింజలు తెచ్చి, కర్ణాటకలోని చిక్కమగళూరు కొండల్లో నాటారని ప్రతీతి. ఆ కొండలకు ఆయన పేరే స్థిరపడింది.

తూర్పు కనుమల్లో కాఫీ 1898లో తూర్పు గోదావరి ప్రాంతపు పాములేరు లోయలో అడుగుపెట్టింది. ఆ తరువాత అటవీ శాఖ, కాఫీ బోర్డు, గిరిజనాభివృద్ధి సంస్థల ద్వారా అరకు, పాడేరు, చింతపల్లి కొండలకు విస్తరించింది. ఇక్కడ పెద్ద ఎస్టేట్లు లేవు. ఎకరమో రెండెకరాలో ఉన్న గిరిజన కుటుంబాలే సాగుదారులు. సిల్వర్ ఓక్ చెట్ల నీడలో కాఫీ మొక్కలు, ఆ చెట్లకే అల్లుకున్న మిరియాల తీగలు కనిపిస్తాయి. నీడ కావాలి గనుక చెట్టు నిలుస్తుంది. చెట్టు నిలిస్తే మట్టి కొట్టుకుపోదు. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ వారి పంటను కొని మార్కెట్టుకు చేరుస్తోంది. 2018లో పారిస్‌లో అరకు కాఫీ స్వర్ణ పురస్కారం పొందింది. 2019లో అరకు వ్యాలీ అరబికాకు భౌగోళిక గుర్తింపు లభించింది. 'అరబికా' అన్న పేరులోనే అరబ్బుల జాడ ఉంది.

జానెడు నేల

ఇక అసలు విషయానికి వస్తాము. ఇంత సంపద ఉన్న నేల ఎవరిది? రాజ్యాంగంలోని ఐదో షెడ్యూలు ఈ ప్రాంతాలకు ప్రత్యేక రక్షణ కల్పించింది. 1959 నాటి భూబదలాయింపు నిబంధనలను 1970లో సవరించి, షెడ్యూల్డు ప్రాంతంలో గిరిజనేతరులకు భూమి బదలాయింపును పూర్తిగా నిషేధించారు. దీనినే '1/70 చట్టం' అంటారు. అయినా బొర్రా పరిసర గ్రామాల్లో ప్రైవేటు వ్యక్తులకు, కంపెనీలకు గనుల లీజులు ఇచ్చారు. 'సమత' అనే స్వచ్ఛంద సంస్థ దీనిని న్యాయస్థానంలో సవాలు చేసింది. 1997 జూలై 11న సుప్రీంకోర్టు 2:1 ఆధిక్యంతో చరిత్రాత్మకమైన తీర్పు ఇచ్చింది. జస్టిస్ కె. రామస్వామి, జస్టిస్ ఎస్. సగీర్ అహ్మద్ ఆధిక్య పక్షాన నిలిచారు. షెడ్యూల్డు ప్రాంతంలో ప్రభుత్వ భూమిని సైతం గిరిజనేతరులకు లీజుకివ్వరాదని, ఈ విషయంలో ప్రభుత్వం కూడా నిషేధానికి కట్టుబడవలసిందేనని, గనులపై వచ్చే నికర లాభంలో కనీసం 20 శాతం ఆ ప్రాంతాభివృద్ధికి కేటాయించాలని ఆ తీర్పు సారాంశం. దేశంలోని ఆదివాసీలందరికీ అది రక్షణ కవచమైంది.

చట్టం ఉన్నంత మాత్రాన అత్యాశ ఆగదు. గిరిజనుని పేరు ముందు పెట్టి, వెనుక నుంచి భూమిని అనుభవించే బినామీ పద్ధతి మన్యంలో కొత్తది కాదు. పర్యాటకం పెరిగేకొద్దీ ఆ ఆశ మరింత పెరుగుతుంది. అరకులో చౌకగా స్థలం దొరుకుతుందట అన్న మాట మన బంధువర్గాల్లోనూ వినబడుతుంది. ఇతరుల భూమి జానెడైనా అన్యాయంగా ఆక్రమించినవాని మెడకు ప్రళయదినాన ఏడు భూముల బరువు గుదిబండగా వేయబడుతుందని దైవప్రవక్త (సఅసం) హెచ్చరించిన విషయం బుఖారీ, ముస్లిం గ్రంథాల్లో నమోదై ఉంది. ఆక్రమణకు గురైనవాడు ఏ మతస్థుడన్న భేదం ఆ హెచ్చరికలో లేదు. కాగితం గెలిచినా, పంచాయతీ గెలిచినా, ఆ న్యాయస్థానంలో బినామీ పేర్లు పనిచేయవు.

వెళ్లదలచిన కుటుంబాలకు

విశాఖపట్నం, విజయనగరం వంటి పట్టణాల నుంచి వెళ్లేవారికి ప్రయాణ నమాజు సౌలభ్యం వర్తిస్తుంది. సుమారు 78 కిలోమీటర్లకు మించిన ప్రయాణంలో, పదిహేను రోజులకన్నా తక్కువ బసలో, నాలుగు రకాతుల ఫర్జ్‌ను రెండుగా చేయాలని మన దేశపు హనఫీ పండితులు సాధారణంగా చెబుతారు. అరకులో ఖిబ్లా పడమర దిక్కుకు, కొద్దిగా ఉత్తరానికి మొగ్గి ఉంటుంది. వెదురు బొంగులో కాల్చే కోడిమాంసం అక్కడ ప్రసిద్ధి. జిబహ్ ఎలా జరిగిందో తెలియనిచోట విడిచిపెట్టడమే క్షేమం. సందేహాస్పదమైన వాటికి దూరంగా ఉండమన్నది ప్రవక్త బోధ. పండ్లకు, చిరుధాన్యాల వంటకాలకు అక్కడ కొదవలేదు. చాపరాయి వంటిచోట్ల రాయి నాచుపట్టి జారుతుంది. పిల్లల చేయి వదలరాదు.

అన్నిటికన్నా ముఖ్యమైనది మర్యాద. ధింసా ఆ తెగల పండుగలకు, పెళ్లిళ్లకు చెందిన ఆట. ఆ స్త్రీలు మన వినోదానికి పుట్టినవారు కారు. గుడిసె ముంగిట్లోకి ఫోనులు ఎత్తుకుని చొరబడే పర్యాటకులను మేము చూశాము. అనుమతి కోరి, సలాం చెప్పనిదే ఇతరుల ఇళ్లలో ప్రవేశించవద్దని ఖుర్ఆన్ 24వ అధ్యాయం ఆదేశిస్తోంది. తలుపు లేని గుడిసె కూడా ఇల్లే. ప్లాస్టిక్ సీసాలను కొండపై పారవేసి రావడం కూడా ఆ ఇంటివారి పట్ల అపచారమే. దారి నుంచి బాధ కలిగించే వస్తువును తొలగించడం విశ్వాసంలో ఒక శాఖ అని నమ్మే మనం, దారికి బాధను చేర్చి రాకూడదు.

తిరుగు ప్రయాణంలో రైలు మళ్లీ ఒకచోట ఆగింది. మళ్లీ ఎర్రధూళి గూడ్సు సాగిపోయింది. ఈసారి పిల్లలు సొరంగాలు లెక్కపెట్టలేదు. ఒడిలో రాజ్మా సంచి పెట్టుకుని, "ఆ అవ్వకు మన డబ్బుతో ఏమేం వస్తాయి?" అని అడిగారు. ఆ ప్రశ్న వారి మనసులో పుట్టినందుకు మేము అల్లాహ్‌కు కృతజ్ఞతలు తెలుపుకున్నాము. రాజులు, దొరలు, ప్రభుత్వాలు గీసిన హద్దులు మారుతూ వచ్చాయి. హక్కుకు, అన్యాయానికి మధ్య సృష్టికర్త గీసిన హద్దు మాత్రం మారదు. ఆ హద్దును దాటకుండా ఆయన భూమిపై సంచరించే భాగ్యాన్ని మనందరికీ అల్లాహ్ ప్రసాదించుగాక! ఆమీన్.